వరుస యెరిగిన వంట

గోదావరి డెల్టా వంటింట క్రొత్తగా అడుగుపెట్టువారికి: ఏది ముందు, ఏది వెనుక, ఏది పొయ్యి దించిన పిమ్మట

ధవళేశ్వరము వద్ద 1847లో మొదలైన ఆనకట్ట, సర్ ఆర్థర్ కాటను పర్యవేక్షణమున 1852 నాటికి పూర్తి కాగా, అంతకుముందు ఒక ఏడు వరద పాలై మరొక ఏడు కరవు పాలైన గోదావరి డెల్టా క్రమముగా అన్నపూర్ణ యను పేరు గడించినది. సార్వా, దాళ్వా యని ఏటికి రెండు పంటలు పండు ఈ గడ్డ మీద బియ్యమునకు కొదువ లేదు. కోనసీమ తోటలలో కొబ్బరికి, పెరటిలో అరటికి, లంక భూములలో కూరగాయకు, చెరువులలో చేపకు కొదువ లేదు. ఇన్ని యుండియు నేడు కొదువ పడుచున్నది వండు చేయి. అమలాపురమునుండి హైదరాబాదునకు, భీమవరమునుండి బెంగుళూరునకు, రాజమహేంద్రవరమునుండి డాలసునకు తరలిపోయిన యువతీయువకులు, క్రొత్తగా కాపురము పెట్టిన దంపతులు, భార్య ఊరికి వెళ్ళిన నాలుగు దినములలో హోటలు కూటికి మొగము మొత్తిన గృహస్థులు, వీరందరును అమ్మ చేతి వంట నెరుగుదురు గాని అమ్మ వండు తీరు నెరుగరు.

ఈ చిక్కు నేటిది కాదు. వెనుకటి తరమున మదరాసు వంటి దూరనగరములలో కాపురములు పెట్టి, ప్రక్కన అత్తగారో అమ్మగారో లేక తడబడిన తెలుగు గృహిణులకు ఆ లోటు తీర్చినవారిలో మాలతీ చందూర్ ముఖ్యులు. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక నడిపి, ‘హృదయనేత్రి’ నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందిన ఆ రచయిత్రి వ్రాసిన ‘వంటలు – పిండివంటలు’ పెక్కు ముద్రణలు పొంది, ఎందరో క్రొత్త కోడళ్ళ వంటింటి అలమారులో చోటు చేసికొన్నది. నేడు ఆ చోటును ఫోను ఆక్రమించినది. ఫోనులో వంట చూపువారు దినుసులు చెప్పుదురు, కొలతలు చెప్పుదురు, చివరకు నోరూరు బొమ్మయు చూపుదురు. నడుమ జరుగు కార్యక్రమమును మాత్రము త్వరత్వరగా కత్తిరించి చూపుటచే, ఏది వేసిన పిమ్మట ఏది వేయవలెనో, ఎంత సేపు ఊరకుండవలెనో చూచువానికి అందదు. పొరపాటు జరుగునది సరిగా అక్కడనే.

హైదరాబాదులో గది తీసికొని వండుకొను కుఱ్ఱవానికిని, కోనసీమలోనున్న అతని తల్లికిని ఫోనులో జరుగు సంభాషణము దాదాపు ఇట్లుండును.

“అమ్మా, గంటైందే, పప్పు ఉడకట్లేదు.”

“చింతపండు ఎప్పుడేశావురా?”

“మొదట్లోనే. పప్పు, టమాటా, చింతపండు, ఉప్పు, అన్నీ కలిపి పొయ్యి మీద పెట్టేశా.”

“అదీ సంగతి. పప్పు మెత్తబడ్డాక వెయ్యాల్రా నాన్నా పులుపు. ఇంకో గంట కూర్చో ఇప్పుడు.”

తల్లి నోట అలవాటుగా వచ్చిన ఆ మాటలో శాస్త్రము కలదు. గింజలోని కణముల గోడలను అంటిపెట్టుకొని యుండు పెక్టిన్ అను పదార్థము వేడినీటిలో కరిగిననే పప్పు మెత్తబడును. పులుపు ముందుగా చేరినచో ఆ కరుగుట మందగించును. కూరగాయ ముక్కలకును ఇదే న్యాయము. కందిపప్పు ఒకటే, చింతపండు ఒకటే, కొలతయు ఒకటే. వరుస మారుటచేత ఒక ఇంట పప్పు వెన్నయైనది, మరొక ఇంట రాయియైనది. కావున క్రొత్తగా వంట నేర్చువారు ఇరువది వంటకముల పేర్లు కంఠస్థము చేయుటకు ముందు, ఒక్క పూట భోజనములోని అన్నము, పప్పు, కూర, పచ్చడి, పులుసు, ఈ అయిదింటి వరుసను చేతికి అలవాటు చేసికొన్నచో చాలును. తక్కినవన్నియు వీనికి బంధువులే. ఇందలి కొలతలు నలుగురికి సరిపోవునవి.

అన్నము: బియ్యము వయస్సు తెలియవలెను

పశ్చిమ గోదావరిలోని మారుటేరు వరి పరిశోధన కేంద్రము 1925లో వెలసినది. 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029, అనగా మన రైతులు ‘స్వర్ణ’ యని పిలుచు వంగడము, అక్కడ పుట్టినదే. ఇంతటి పరిశోధన జరిగిన నేలమీద పుట్టియు, దుకాణములో సంచి కొనునపుడు మనము అడుగవలసిన ప్రశ్న నడుగము: ఈ బియ్యము క్రొత్తవా, పాతవా? కోతలైన నెలలోనే మరపట్టిన క్రొత్త బియ్యము తక్కువ నీటితోనే ఉడికి, ఏమాత్రము ఎక్కువైనను ముద్దగును. ఆరు నెలలు, ఏడాది నిలిచిన పాత బియ్యము నీటిని బాగుగా పీల్చి, ఒదుగు ఎక్కువై, మెతుకు మెతుకుగా విడివడును. అత్తెసరు పెట్టునపుడు గ్లాసు పాత బియ్యమునకు 2 నుండి 2¼ గ్లాసుల నీరును, క్రొత్త బియ్యమునకు 1½ నుండి 1¾ గ్లాసుల నీరును పోయవలెను. నలుగురికి 1½ గ్లాసుల బియ్యము, సుమారు 300 గ్రాములు, చాలును.

వరుస ఇది: రెండు మూడు మారులు కడుగుట, అరగంట నానబెట్టుట, పెద్ద మంట మీద పొంగు వచ్చువరకు నుంచుట, నీరు బియ్యము మట్టమునకు దిగగానే మంట తగ్గించి మూత పెట్టుట, దించిన పిమ్మట పది నిమిషములు మూత తీయకుండుట. క్రొత్తవారు తప్పునది ఈ కడపటి మెట్టు. దించిన గిన్నెలోని ఆవిరి అడుగు మెతుకునకును పైమెతుకునకును సమముగా సర్దుకొనుటకు ఆ పది నిమిషములు పట్టును. అంతకుముందే గరిటె పెట్టినచో మెతుకు విరిగి జిగురగును.

పప్పు, దానివెంట పోపు

ముద్దపప్పునకు 150 గ్రాముల కందిపప్పును నూనె లేకుండ సన్నని సెగ మీద మూడు నాలుగు నిమిషములు, కమ్మని వాసన వచ్చువరకు వేయించి, పిమ్మట కడిగి, రెండున్నర రెట్లు నీరు పోసి, చిటికెడు పసుపు వేసి, కుక్కరులో నాలుగైదు కూతలు రానిచ్చి, మంట తగ్గించి మరి అయిదు నిమిషములుంచి దించవలెను. ఆవిరి తనంత అణగిన పిమ్మట మూత తీసి, పప్పుగుత్తితో మెదిపి, అప్పుడు ఉప్పు కలుపవలెను. వేడి అన్నములో ఈ ముద్దపప్పు, కాచిన నెయ్యి, ప్రక్కన ఆవకాయ బద్ద యున్నచో, ఆ దినమున మరేమియు వండకున్నను ఎవరును వంక పెట్టరు. ఇదే పప్పులో మెత్తబడిన పిమ్మట ఉడికించిన తోటకూర కలిపిన తోటకూర పప్పు, మామిడి ముక్కలు చేర్చి మరల మగ్గించిన మామిడికాయ పప్పు. మొదటిది చేతనైనచో తక్కినవి ఒక్కొక్క మెట్టు దూరము.

వీనికి పోపు కావలెను. పోపునందు అన్నింటిని ఒక్కసారి మూకుడులో కుమ్మరించుటచేత సెనగపప్పు పచ్చిగా మిగిలి, ఎండుమిరపకాయ మాడి, కరివేపాకు నల్లబడును. నూనె కాగిన పిమ్మట ముందుగా సెనగపప్పు, మినపప్పు. అవి సగము రంగు తిరిగిన పిమ్మట ఆవాలు. ఆవాలు చిటపటలాడగానే జీలకర్ర, తుంచిన ఎండుమిరపకాయలు. పొయ్యి ఆర్పిన పిమ్మట, ఆ మిగులు వేడిలోనే, ఇంగువ, కరివేపాకు. వేగుటకు ఎక్కువ సమయము పట్టునది ముందు, తక్కువ పట్టునది వెనుక: ఈ ఒక్క సూత్రము చేతికి వచ్చినచో ఏ పోపును మాడదు. పులుసులకు చిటికెడు మెంతులు చేర్చునపుడు వానిని పప్పులతోబాటే వేసి ఎఱ్ఱబడనీయవలెను గాని నల్లబడనీయరాదు.

ఆవ పెట్టిన కూర

గోదావరి పెండ్లి విస్తరిలో పనసపొట్టు కూరయో, కంద–బచ్చలి కూరయో లేకున్నచో విందు వెలితిగానే యుండును. ఈ రెండింటికిని ఘాటైన ఆ మెరుగు పెట్టునది పచ్చి ఆవ. ఐతే పనసకాయను పొట్టు కొట్టుట క్రొత్త చేతికి లొంగు పని కాదు. రాజమహేంద్రవరపు బజారులలో పొట్టు కొట్టి అమ్మువాని ప్రక్కన కొంతసేపు నిలిచి చూచినచో తెలియును: జిగురు పట్టకుండ చేతికిని కత్తికిని నూనె రాచుకొని, పైనున్న ముండ్ల తోలు చెక్కివేసి, కాయను ఎడమచేత త్రిప్పుచు, కుడిచేతి కత్తితో ఒకే తూకమున కొట్టుచుండగా, సన్నని పొట్టు క్రింద రాలిపడుచుండును, చూపు కాయ మీదనే యుండును, మాట మాత్రము బేరమాడువారితో సాగుచుండును. ఆ పొట్టును కొనితెచ్చుకొనుటలో చిన్నతనము లేదు. కందకు దురదగుణ మున్నది గనుక అదియు రెండవ మెట్టే. మొదటి మెట్టు అరటికాయ.

కూర అరటికాయలు 3 తీసికొని, తొక్కతోనే రెండేసి ముక్కలుగా కోసి, పది పన్నెండు నిమిషములు, కత్తిమొన సులువుగా దిగువరకు ఉడికించి, చల్లారిన పిమ్మట తొక్క తీసి చేతితో చిదుపవలెను. ఉసిరికాయంత చింతపండు వేడినీటిలో నానబెట్టి చిక్కగా పిండి యుంచవలెను. ఒక చెంచా ఆవాలను, ఒక ఎండుమిరపకాయను పది నిమిషములు చన్నీటిలో నానబెట్టి, చిటికెడు ఉప్పుతో మెత్తగా నూరవలెను. మూకుడులో రెండు మూడు చెంచాల నూనెతో పైన చెప్పిన వరుసను పోపు పెట్టి, చీల్చిన పచ్చిమిరపకాయలు 2, అల్లము తురుము, పసుపు వేసి, చింతపండు రసము పోసి, పచ్చివాసన పోయి దగ్గరపడిన పిమ్మట అరటికాయ, ఉప్పు వేసి మూడు నిమిషములు కలిపి దించవలెను. అయిదు నిమిషములు ఆగి, వేడి తగ్గినపుడు ఆవముద్దను ఒక చెంచా పచ్చినూనెతో కలుపవలెను.

ఆ అయిదు నిమిషములలోనే కూర మర్మ మున్నది. ఆవగింజను చన్నీటితో నూరినపుడు గింజలోని ఎంజైము మేల్కొని, ముక్కుకెక్కు ఘాటును పుట్టించును. ఆ ఎంజైము వేడికి నశించును. పుట్టిన ఘాటు సైతము సెగ తగులగానే ఆవిరియై పోయి చేదు మిగులును. పొయ్యి మీదనే ఆవ కలిపినవారు “మా ఆవాలు మంచివి కావు” అని దుకాణదారుని నిందింతురు.

పచ్చడి, పులుసు

రోలు పోయి మిక్సీ వచ్చినను నూరుట యందలి వరుస మారలేదు: గట్టిది ముందు, మెత్తనిది వెనుక, నీరూరునది అన్నింటికంటె చివర. కొబ్బరి–మామిడికాయ పచ్చడికి ఒక చెంచా మినపప్పు, అర చెంచా ఆవాలు, చిటికెడు మెంతులు, 5 ఎండుమిరపకాయలు, ఇంగువ వేయించి, పూర్తిగా చల్లారిన పిమ్మట ఉప్పుతో బరకగా త్రిప్పి, అర కొబ్బరికాయ ముక్కలు చేర్చి మరల త్రిప్పి, కడపట ఒక చిన్న మామిడికాయ ముక్కలు వేసి రెండు చుట్లతో ఆపవలెను. అన్నింటిని ఒకేసారి వేసి నీరు పోసి త్రిప్పినచో వచ్చునది ఇడ్లీలోనికి చట్నీ; అన్నములోనికి పచ్చడి కాదు.

ముక్కల పులుసునకు 400 గ్రాముల కూరగాయలు: ఆనపకాయ, గుమ్మడికాయ, ములక్కాడ, చిలగడదుంప, వంకాయ, బెండకాయ, వీనిలో దొరికినవి. మూడు గ్లాసుల నీరు పసుపుతో కాచి, ముందు ములక్కాడ, చిలగడదుంప వేయవలెను. అయిదు నిమిషములైన పిమ్మట ఆనప, గుమ్మడి, వంకాయ. జిగురు పోవుటకు నూనెలో వేయించిన బెండకాయ ఆ తరువాత. ముక్క మెత్తబడినది గోటితో నొక్కి చూచి, అప్పుడు నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, కారము వేసి, పది నిమిషములు తెర్లనిచ్చి, ఉసిరికాయంత బెల్లము, నీటిలో కలిపిన చెంచాడు బియ్యపుపిండి చేర్చి, మెంతి పోపు పెట్టి దించవలెను. పులుసులో బెల్లము మా గోదావరివారికి ప్రాణము. ఇతర సీమలవారు నవ్విన నవ్వుదురు గాక, పులుపు, కారము, ఉప్పు మూడింటికి పొత్తు కుదుర్చునది ఆ తీపియే.

మజ్జిగపులుసు చేయువారు మాత్రము మజ్జిగను తెర్లనీయరాదు. ముక్కలు ఉడికిన పిమ్మట, నానిన సెనగపప్పు, అల్లము, పచ్చిమిరప నూరి కలిపిన చిక్కని మజ్జిగను పోసి, సన్నని సెగ మీద కలుపుచునే యుండి, ఒక్క పొంగు రాబోవుచుండగనే దించవలెను. కుతకుత ఉడికినచో విరుగును. నిమ్మకాయ పులిహోరకును ఇట్లే, రసము పొయ్యి దించిన పిమ్మటనే పిండవలెను; సెగ మీద చేదెక్కును.

పులసకు ముందు బొచ్చె

వరదనీటికి ఎదురీది సముద్రమునుండి గోదావరిలోనికి వచ్చు పులసను పుస్తెలమ్మియైనను తినవలెనని సామెత. కాని వేలు పోసి కొన్న చేప మీద చేయి తిరుగుట నేర్చుకొనుట తగదు. చెరువు బొచ్చెయో, శీలావతియో అరకిలో తెచ్చి, ఉప్పు, పసుపుతో కడిగి ప్రక్కన నుంచుడు. వెడల్పు గిన్నెలో నాలుగు చెంచాల నూనె కాచి, రెండు ఉల్లిపాయల తరుగు, పచ్చిమిరపకాయలు ఎఱ్ఱగా వేయించి, రెండు చెంచాల కారము, ఉప్పు, నిమ్మకాయంత చింతపండు తీసిన రెండు గ్లాసుల పులుసు పోసి, నూనె పైకి తేలువరకు పది నిమిషములు మరగనిచ్చి, అప్పుడే ముక్కలను ఒక్కొక్కటిగా జారవిడువవలెను. ఇక గరిటె ముట్టరాదు. గుడ్డతో గిన్నె అంచులు పట్టి మెల్లగా త్రిప్పవలెను. మరి పది పన్నెండు నిమిషములకు, కొద్దిగా మెంతి–జీలకర్ర పొడి చల్లి దించి, రెండు గంటలు ఆగి తినవలెను. పులుసు ముక్కలోనికి దిగుట పొయ్యి మీదకంటె దించిన పిమ్మటనే ఎక్కువగా జరుగును.

కొన్నిటిని మాత్రము కొనుక్కొని తినుటయే వివేకము. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురపు పూతరేకు, కాగిన బోర్లించిన కుండ మీద పిండినీటిలో ముంచిన గుడ్డను ఒక్క లాగుతో పరచి, కాగితముకంటె పలుచని రేకును తీయు చేతుల పని. తాపేశ్వరపు మడత కాజాయు అంతే. వంట నేర్చిన మొదటి మాసమున వీనికి పూనుకొని చేతులు కాల్చుకొనువారు రెండవ మాసమున పొయ్యి దరికి రారు.

గంటలో విస్తరి

లంకల గన్నవరపు డొక్కా సీతమ్మ (1841–1909) పేరు గోదావరి మండలములలో ఎరుగనివారు లేరు. ఏ వేళ ఎవరు వచ్చి ఆకలి యన్నను లేదనక అన్నము పెట్టిన ఆమె కీర్తి ఇంగ్లాండు ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి కొలువు వరకు పాకినదని కోనసీమలో నేటికిని చెప్పుకొందురు. ఆమె దాతృత్వమును కొనియాడుట అందరును చేయుదురు. వేళ కాని వేళ వచ్చిన అతిథికి వేడి అన్నము పెట్టవలెనన్నచో, నానవలసినది ముందే నాని, ఉడుకవలసినది ముందే పొయ్యి ఎక్కి, చేతి కందవలసినది చేతి కందుచుండవలెను గదా. అంతటి అన్నదానము వెనుక అంతటి వరుసయు నుండి తీరవలెను. మన ఇంటి నలుగురికి ఆ క్రమము రెండు పొయ్యిల గ్యాసు మీద ఒక గంటలో ఇట్లు సాగును.

మొదటి పది నిమిషములు: బియ్యము కడిగి నానబెట్టుట, చింతపండు, ఆవాలు వేరువేరుగా నానబెట్టుట, కందిపప్పు వేయించుట. పదవ నిమిషమున ఒక పొయ్యి మీద పప్పు కుక్కరు, రెండవదాని మీద అరటికాయలు. అవి ఉడుకుచుండగా పులుసు కూరగాయలు తరుగుట. ఇరువది అయిదవ నిమిషమున అరటికాయలు దిగును, పులుసు నీరెక్కును. ముప్పదవ నిమిషమున పప్పు దిగును. ఆ ఖాళీ పొయ్యి మీద ముందు పచ్చడి పోపు వేయించి చల్లార్చుటకు పెట్టి, వెంటనే అన్నము ఎక్కించుట. నలుబదవ నిమిషమున ముక్కలు మెత్తబడిన పులుసులో చింతపండు. అది తెర్లులోపల ఆవ నూరి, పచ్చడి త్రిప్పుట. ఏబదవ నిమిషమున అన్నము దించి మూత కదపకుండ నుంచి, పులుసునకు పోపు పెట్టి, అదే మూకుడులో కూర ముగించుట. విస్తళ్ళు వేయునపుడు ఆవ కలుపుట.

ఉప్పు ఎక్కువైనచో బంగాళాదుంప వేసిన పీల్చుకొనునను మాట నమ్మి కూర్చుండరాదు. దుంప పీల్చునది ఉప్పునీటినే గాని ఉప్పును వేరుచేసి కాదు. పప్పునకు ఉప్పులేని పప్పు, పులుసునకు మరికొంత నీరు, పులుపు, బియ్యపుపిండి చేర్చుటయే మార్గము. కారము ఎక్కువైనచో కొబ్బరి, బెల్లము, నెయ్యి కలవు. మాడిన పోపునకు మాత్రము మందు లేదు. పారబోసి మరల పెట్టుకొనుటయే.

ఈ పనులను ఒక్కరి నెత్తిన వేయకుండ పంచుకొన్నచో గంట పని ముప్పావు గంటలో ముగియును. బియ్యము కడిగి నానబెట్టు పని పదేండ్ల పిల్లవానికిని చేతనగును. పచ్చడి త్రిప్పుట, కూరగాయలు తరుగుట ఇంటి పెద్దమనిషికిని చేతనగును. తినుటకు అందరును అర్హులైన ఇంట వండుటకు ఒక్కరే అర్హులనుట న్యాయము కాదు. నెల దినములు ఈ అయిదింటినే వారమునకు మూడు మారులు వండుడు. అరటికాయ స్థానమున కంద–బచ్చలి, పిమ్మట పనసపొట్టు, ముద్దపప్పు స్థానమున దోసకాయ పప్పు వచ్చి కూర్చుండును. అప్పటికి ఫోనులో వంట చూచుచున్నను, చూపనిది ఎక్కడ దాటవేసిరో మీకే తెలియును.